సింగిల్ బెడ్‌రూమ్ సొసైటీ ఫ్లాట్: రంగు వెనక చూడాల్సినవి

హత్నూర మండలంలోని ఫ్యాక్టరీలకు షిఫ్టు వేళకు చేరే కంపెనీ బస్సుల్లో సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు అద్దె గదుల నుంచి వచ్చేవాళ్లు చాలామందే. నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక వాళ్లు వేసే మొదటి లెక్క సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాటే. కొత్తది అందదు. పాత అపార్ట్‌మెంటులో టైల్స్ మార్చి, రంగులు వేయించి అమ్మకానికి పెట్టిన ఇల్లు అందుబాటులో ఉన్నట్టు కనిపిస్తుంది. అది సొసైటీ ఇల్లయితే ముందు తేలాల్సిన ప్రశ్న ఒకటుంది. డబ్బు కట్టాక చేతికొచ్చేది ఇంటి దస్తావేజా, సంఘంలో సభ్యత్వమా?

జవాబు ఊరిని బట్టి మారుతుంది.

హైదరాబాద్ చుట్టుపక్కల హౌసింగ్ సొసైటీ అనగానే ప్లాట్లే గుర్తొస్తాయి. జూబ్లీహిల్స్ లాంటి కాలనీ సహకార సంఘం సభ్యులకు స్థలాలు పంచగా వెలిసినదే. ఫ్లాట్ల తీరు వేరు. ఇక్కడ మామూలుగా ఒక్కో ఫ్లాటుకు విడిగా రిజిస్ట్రేషన్ జరుగుతుంది, నేలలో అవిభాజ్య వాటా కూడా దానితోపాటే రాసిస్తారు. లిఫ్టు, నీళ్లు, వాచ్‌మన్ జీతం చూసుకోవడం యజమానుల సంఘం పని.

ముంబైకి వెళ్తే లెక్క మారిపోతుంది. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లు 1960 నాటి మహారాష్ట్ర సహకార సంఘాల చట్టం కింద నడిచే సొసైటీలు. ఫ్లాటు కొన్నవాళ్లకు రిజిస్టరైన ఒప్పందంతోపాటు సొసైటీ ఇచ్చే షేర్ సర్టిఫికెట్ కూడా ప్రాణప్రదమైన కాగితం.

న్యూయార్క్‌లోని కో-ఆప్ ఇంకో అడుగు ముందుంటుంది. భవనం మొత్తం ఒక కంపెనీ ఆస్తి. కొనేవాళ్లకు దక్కేవి ఆ కంపెనీ షేర్లు, ఫలానా ఇంట్లో ఉండే లీజు హక్కు. భారతీయ దుకాణాలకు పేరుపడ్డ జాక్సన్ హైట్స్‌లో సుమారు వందేళ్ల కిందట కట్టిన కో-ఆప్ భవనాలు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. అక్కడ ఇల్లు నచ్చి, బేరం కుదిరినా సరిపోదు. కొనేవాళ్ల ఆదాయం, అప్పులు కో-ఆప్ బోర్డు చూసి, ఇంటర్వ్యూ చేసి ఒప్పుకోవాలి. నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో భవనం మీది ఆస్తిపన్ను, కంపెనీ తీసుకున్న అప్పు ఉంటే దాని వాయిదా కూడా కలిసి ఉంటాయి. ఇల్లు ఎంత మెరిసినా, భవనం అప్పుల్లో ఉంటే ఆ భారం కొత్త సభ్యుడిదీ అవుతుంది.

సహకార పద్ధతి కార్మికుడికి ఏం చేయగలదో షోలాపూర్ చూపించింది. అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్లలో పద్మశాలి కుటుంబాల తెలుగువాళ్లు ఎందరో. వాళ్లు సంఘం కట్టి దగ్గర్లోని కుంభారిలో 10,000 ఇళ్లు సాధించుకున్నారు. 2006లో అవి చేతికొచ్చాయి. ఆ పోరాటానికి ముందు నిలిచింది మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం. అదే దారిలో అక్కడి రే నగర్‌లో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న పేద కార్మికులకు అప్పగించారు. విడివిడిగా అడిగితే బ్యాంకు గడప కూడా దాటలేని కుటుంబాలవి.

మళ్లీ పటాన్‌చెరు దగ్గరికి వద్దాం. ఇక్కడ ఇల్లు చూసేవాళ్లు వంటగదికన్నా ముందు నీళ్ల సంగతి అడగాలి. ఫ్యాక్టరీల వ్యర్థాలతో ఈ ప్రాంతంలో భూగర్భ జలాలు పాడైన కథ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మంజీరా నీళ్ల కనెక్షన్ ఉందా, బోరు మీదే ఆధారమా, వేసవిలో ట్యాంకర్ ఖర్చు ఎంత పడుతోంది? ఇవి పక్కింటివాళ్లను అడిగితే గానీ తేలవు.

రెండోది, కొత్త రంగు. స్లాబు కింద చెమ్మ మరకలు, పిల్లర్ల దగ్గర తుప్పుపట్టిన చువ్వలు రంగు కింద దాక్కుంటాయి. వర్షాకాలంలో ఒకసారి, పై అంతస్తు బాత్రూమ్ కిందికి వచ్చే గోడ దగ్గర ఇంకోసారి చూడాలి. రెరా చట్టం కొత్త ప్రాజెక్టుల్లో నిర్మాణ లోపాలకు అయిదేళ్ల పాటు బిల్డర్‌ను బాధ్యుణ్ని చేసింది. ఎప్పుడో కట్టిన పాత ఫ్లాటుకు ఆ అండ ఉండదు.

ఇక కాగితాలు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరైన ప్లాను, అవిభాజ్య వాటా ఎన్ని గజాలు, ఆస్తిపన్ను రసీదు, సంఘం ఇచ్చే బకాయిలు లేవన్న పత్రం చేతిలో పెట్టుకొని లాయరుకు చూపించాలి. సంఘం జమాఖర్చుల పుస్తకం అడగడానికి మొహమాటపడొద్దు. ఇవన్నీ సరిపోయాకే బయానా ఇవ్వండి.