తుపానునకు ముందటి మూడు దినములు: యానాము, గంజాము, పూరీ తీరముల తెలుగువారి రక్షణము

బంగాళాఖాతపు పడమటి తీరమున నివసించు తెలుగువారందరును ఒకే ప్రభుత్వము క్రింద లేరు. గోదావరి పాయ యొడ్డున, ఆంధ్రదేశపు నేల నడుమనున్న యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిది. గోపాలపురము మొదలగు గంజాము తీరగ్రామములందును, పూరీ పట్టణములోని పెంటకోట పేటయందును తరతరములుగా చేపల వేటచే జీవించుచున్న తెలుగు జాలరులు ఒడిశా రాష్ట్రమునకు చెందినవారు. ఓఢ్రులు వీరిని నోలియాలని పిలుతురు. రాజ్యముల యెల్లలు వేరైనను వీరందరకు సముద్రమొక్కటియే. ఇండ్లు ఇసుకదిబ్బలకును నీటికిని మిక్కిలి చేరువగా, ఒకదాని నొకటి యానుకొని యుండుటచే తుపాను వచ్చినపుడు వీరికి కలుగు కష్టము నొక్క తీరుననే యుండును. ఆ కష్టము నెదుర్కొనుటకు ముందుగా చేయదగిన యేర్పాటులను వివరించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

తుపానుల చరిత్రలో ఈ తీరమునకు ప్రత్యేకస్థానము గలదు. యానామునకు చేరువనున్న కోరంగి ఒకప్పుడు నౌకానిర్మాణమునకు పేరుపొందిన రేవు. 1789లోను, మరల 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు దానిని నాశనము చేసినవి. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ అను నాంగ్లేయుడు ఇట్టి గాలివానలను పరిశోధించి, 1848లో ప్రకటించిన గ్రంథమున వీనికి 'సైక్లోన్' అను పేరును వాడెను. చుట్టచుట్టుకొనుట యను నర్థము గల గ్రీకు పదమునుండి ఆయన దానిని కల్పించెను.

ఆ పేరులోనే తుపాను స్వభావము తెలియుచున్నది. మన యర్ధగోళమున తుపాను గాలి గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు విరుద్ధముగా తిరుగును. పడమటికి గాని వాయవ్యమునకు గాని సాగు తుపాను మన తీరమును దాటునపుడు, దాని కుడివైపున, అనగా ఉత్తరదిక్కుననున్న తీరమున గాలి సముద్రమునుండి నేలమీదికి వీచును. ఆ గాలియే నీటిని త్రోసికొని వచ్చి ఉప్పెన యగును. తీరముచెంత సముద్రము లోతు తక్కువయైనకొలదియు ఉప్పెన యెత్తు హెచ్చును. అది సముద్రపు పోటుతో కలిసెనా, మరింత ఘోరమగును. 1977 నవంబరు 19న తుపాను చీరాల ప్రాంతమున తీరము దాటగా, దానికి కుడివైపుననున్న దివిసీమ ఉప్పెనలో మునిగిపోయెను. దాదాపు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. 1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానునకు యానాము కుడివైపుననే చిక్కెను. ఆ యేడు వేటకు పోయి సముద్రముమీదనే చిక్కుకొన్న జాలరులు అనేకులు తిరిగి రాలేదు.

కావున 'తుపాను మన యూరికి దూరముగా దాటునట' యని విని నిశ్చింతగా నుండరాదు. ఎంత దూరమని యడుగుటతోపాటు, మన యూరు దానికి ఏ వైపున నున్నదని కూడ అడుగవలెను.

భారత వాతావరణశాఖ తుపాను హెచ్చరికలను నాలుగు దశలలో ప్రకటించుచున్నది. సుమారు 72 గంటల ముందు తొలి సూచన వెలువడును. 48 గంటల ముందు పసుపు వర్ణముతోను, 24 గంటల ముందు నారింజ వర్ణముతోను హెచ్చరికలు వచ్చును. 12 గంటల ముందు ఎరుపు వర్ణముతో, తీరము దాటిన పిమ్మట లోతట్టు ప్రాంతములందు జరుగబోవు దానిని తెలుపుదురు. రేవులందు ఎగురవేయు సూచికలలో 5 మొదలు 7 వరకు ప్రమాదమును, 8 మొదలు 10 వరకు మహాప్రమాదమును తెలుపును. గాలివేగము గంటకు 62 కిలోమీటర్లయిన వాయుగుండము తుపానగును; 89 అయిన తీవ్ర తుపాను; 118 అయిన అతితీవ్ర తుపాను.

ఈ దశలను బట్టి పని పంచుకొనవలెను. తొలి సూచన వినగనే వేటకు పోయినవారిని వెనుకకు రప్పించి, క్రొత్తగా ఎవ్వరును పడవ దింపకుండ చూడవలెను. రెండవ దినమున పడవలను, వలలను, యంత్రములను ఎత్తైన చోటికి చేర్చవలెను. రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, పడవ కాగితములు మొదలగువానిని నీరు చొరని సంచిలో కట్టి యుంచవలెను. అటుకులు, బెల్లము, మందులు, త్రాగునీరు, టార్చిలైటు సిద్ధపరుపవలెను. పశువులను త్రాళ్లు విప్పి మెరకకు తోలవలెను. మూడవ దినమున, గాలి హెచ్చుటకు ముందే, పగటివేళనే, తుపాను ఆశ్రయభవనమునకు పోవలెను. వృద్ధులు, గర్భిణులు, శిశువులు గల తల్లులు, నడువలేనివారు అందరికంటె ముందు కదలవలెను. పడవకు కాపుగా ఇంటికొకరు నిలుచుట తీరమున నున్న వాడుక. ఈ వాడుకచే పెక్కు కుటుంబములు పెద్ద దిక్కును కోల్పోయినవి.

మరియొక ప్రమాదము కలదు. తుపాను కన్ను ఊరిమీదుగా పోవునపుడు గాలి హఠాత్తుగా నిలిచి, ఆకాశము తేటపడును. గాలివాన తీరినదని తలచి జనులు బయటికి వత్తురు. కొంతసేపటికి వ్యతిరేకదిక్కునుండి అంతే బలముతో గాలి మరల కొట్టును. అధికారులు ప్రకటించువరకు ఆశ్రయము విడువరాదు.

ముందుజాగ్రత్త ఫలితమునకు ఒడిశాయే తార్కాణము. 1999 అక్టోబరు 29న పారాదీపువద్ద తీరము దాటిన పెనుతుపానులో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు పదివేలమంది మరణించిరి. పిమ్మట ఆ రాష్ట్రము విపత్తు నిర్వహణమునకు ప్రత్యేకసంస్థను నెలకొల్పి, తీరము పొడవున ఆశ్రయభవనములు కట్టించి, గ్రామములందు అభ్యాసములు జరిపించెను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ అను తుపాను గోపాలపురముచెంత, తెలుగు జాలరిపల్లెల నడుమనే, గంటకు 200 కిలోమీటర్ల గాలితో తీరము దాటెను. ఒడిశాలో దాదాపు పది లక్షలమందిని ముందే తరలించియుండిరి. మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను. ఇండ్లు, పడవలు, వలలు పోయినవి, మనుష్యులు మిగిలిరి. 2019 మే 3న ఫణి తుపాను పూరీవద్ద దాటినపుడును పది లక్షలకు మించిన జనమును ముందే తరలించిరి.

ఇక తెలుగు సంఘములు ఆలోచింపవలసిన విషయ మొకటి కలదు. ఒడిశాలో గ్రామాధికారి చాటింపు సహజముగా ఓఢ్రభాషలో సాగును. అంగడిలో ఆ భాష నెరిగిన జాలరికిని, ఇంటినుండి కదలని ముసలమ్మకు అది తెలియకపోవచ్చును. అర్ధరాత్రి వినబడిన ప్రకటనలో ఏ భవనమునకు, ఎప్పటిలోగా పోవలెనో తెలియనియెడల ఆమెకు ఆ హెచ్చరిక అందనట్లే. యానామున భాష మనదే యైనను, చుట్టునున్న పల్లెలు వేరొక ప్రభుత్వమువి; ఏ యాజ్ఞ తమకు చెందునో జనులకు ముందే తెలిసియుండవలెను.

కావున ప్రతి పేటలోను సంఘమువారు ఏటేట వర్షకాలము వెళ్లకముందే నాలుగు పనులు చేయించుట యవసరము. ఇంటింటికి తిరిగి, సాయము లేక కదలలేనివారి పట్టిక వ్రాయుట. ఒక్కొక్కరి బాధ్యతను ఒక్కొక్క యువకునకు పేరుపేరున అప్పగించుట. స్థానికభాషలో వచ్చు హెచ్చరికను తెలుగున చాటుటకు ఇరుభాషలు తెలిసిన ఇద్దరిని నియమించి, వారి పేర్లను అధికారులకు తెలుపుట. ఆశ్రయభవనపు దారిని, తాళముచెవి యుండుచోటును పిల్లలకుకూడ చూపుట. ఇందుకు వలయు ధనము స్వల్పము. ఉత్సవములకు చందాలు పోగుచేయు మన సంఘములకు ఇది కష్టసాధ్యము కాదు. అక్టోబరు, నవంబరు మాసములలోనే ఈ తీరమున తుపానులు హెచ్చు గనుక, పట్టిక వినాయకచవితి నాటికి సిద్ధముగా నుండుట మేలు.