పంటి మీది తెల్లమచ్చ

పన్ను సలపరం పెట్టే వేళకు వ్యాధి చాలా దూరం పోయి ఉంటుంది. దాని ఆరంభం నొప్పితో కాదు, ఒక తెల్లమచ్చతో. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొర అయిన ఎనామెల్‌లోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలను కరిగిస్తుంది. అక్కడ సున్నపు చుక్క వంటి మచ్చ ఏర్పడుతుంది. ఇంకా రంధ్రం పడలేదు. లాలాజలానికి ఫ్లోరైడు తోడైతే, ఆ మచ్చ గట్టిపడి వ్యాధి అక్కడే ఆగిపోవచ్చు. రంధ్రం పడితే మాత్రం పోయిన భాగం తిరిగి పెరగదు.

మరి ఆ మచ్చను ముందుగా పసిగట్టడమెలా? 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. మరుసటి జనవరిలోనే జర్మన్ దంతవైద్యుడు ఒట్టో వాల్కాఫ్ వాటితో తన దంతాల చిత్రం తీయించుకున్నాడు. అయితే లవణాలు గణనీయంగా కరిగితే తప్ప వ్యాధి ఆ చిత్రంలో కనిపించదు. ఈ లోటు తీర్చడానికి 1990ల చివర కాంతి పరికరాలు వచ్చాయి. ఒక రకం పరికరం పంటిపై ఎర్రని లేజర్ కాంతిని ప్రసరిస్తుంది. పుచ్చిన భాగం ఆరోగ్యవంతమైన భాగంకంటే ఎక్కువగా మెరుస్తుంది. ఆ మెరుపును పరికరం అంకెగా చూపిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. పంటిపై పట్టిన మరకలు, గారకూడా మెరుస్తాయి. నూరు దంతాలలో పది మాత్రమే చెడ్డవి అనుకోండి. చెడ్డవాటిలో నూటికి ఎనభైని పట్టుకొని, మంచివాటిలో నూటికి ఎనభైని మంచివనే చెప్పే పరికరం ఉన్నదనుకుంటే, అది ఇరవై ఆరు దంతాలను అనుమానిస్తుంది. వాటిలో పద్దెనిమిది నిక్షేపమైనవే!

కనుకనే ఇటువంటి పరికరాలకు ప్రభుత్వ పరీక్ష అవసరమైంది. న్యూఢిల్లీ కోట్లా రోడ్డులోని ఎఫ్‌డీఏ భవన్‌లో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ఉంది. 1940 నాటి ఔషధ చట్టం కింద చాలాకాలం కొన్ని రకాల వైద్య పరికరాలకే నియంత్రణ ఉండేది. 2017 నాటి వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1న అమలులోకి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలే అయ్యాయి.

ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. దేశంలో తయారయ్యే ఎ, బి తరగతుల వాటికి రాష్ట్రాల అధికారులు లైసెన్సు ఇస్తారు. సి, డి తరగతులకూ, దిగుమతులన్నింటికీ కోట్లా రోడ్డు కార్యాలయమే గతి. మునుపు ఆమోదం పొందిన పరికరం పోలిక లేని సరికొత్త పరికరమైతే, సాధారణంగా మనుషులపై పరిశోధన జరిపి ఫలితం చూపవలసి ఉంటుంది.

అయినా లైసెన్సు పరికరానికే గాని, అది చూపిన ప్రతి అంకెకూ కాదు. ఆ అంకెను కంటి పరీక్షతో, అవసరమైతే ఎక్స్-రేతో సరిచూడవలసినది వైద్యుడు. రోగి అడగదగిన ప్రశ్నలు రెండున్నాయి: నిజంగా రంధ్రం పడిందా? పడకపోతే, ఫ్లోరైడు పూసి కొన్ని నెలల తరువాత మళ్లీ చూడవచ్చునా? ఒకసారి తొలిచిన పన్ను మునుపటి పన్ను కాజాలదు.