మన తేనెపిట్ట, ఎడారి హమ్మింగ్ బర్డ్: గుర్తించే పద్ధతి

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో ఉన్న మీరు పెరటి మందారం మీద వేలాడుతూ తేనె పీల్చే చిన్న పిట్టను చూసే ఉంటారు. దాన్ని హమ్మింగ్ బర్డ్ అని చెప్పుకోవడం మామూలే. కాని హమ్మింగ్ బర్డ్‌లు సహజంగా ఉండేది అమెరికా ఖండాల్లోనే. మన దేశంలో అవి లేవు. మీరు చూసినది తేనెపిట్ట.

ఈ రెండూ దగ్గరి బంధువులు కావు. తేనెపిట్ట పిచ్చుక, కాకి ఉన్న పాసెరిఫార్మిస్ క్రమానికి చెందింది. హమ్మింగ్ బర్డ్‌కు దగ్గరి చుట్టాలు స్విఫ్ట్ పక్షులు. వేర్వేరు వంశాల్లో పుట్టినా పూతేనె మీదే బతకడం వల్ల రెండింటికీ సన్నని పొడవాటి ముక్కు, చిన్న శరీరం, లోహంలా మెరిసే ఈకలు వచ్చాయి. జీవశాస్త్రంలో దీన్నే అభిసారి పరిణామం అంటారు.

ఎడారిలో బతికే కోస్టా హమ్మింగ్ బర్డ్ (కాలిప్టె కోస్టే) ఇందుకు మంచి ఉదాహరణ. ఇది అమెరికా, మెక్సికోల్లోని సొనోరా, మొహావీ ఎడారుల్లో ఉంటుంది. బరువు సుమారు 3 గ్రాములు. మగపక్షి తల, గొంతు ఊదారంగులో మెరుస్తాయి. గొంతు ఈకలు రెండు పక్కలా మీసాల్లా సాగి ఉంటాయి. ఇంత చిన్న ఒంట్లో వేడి నిలవదు, రాత్రి తేనె దొరకదు. అందుకే చలి రాత్రుల్లో సుప్తావస్థలోకి జారుకుంటుంది. నిమిషానికి 500 నుంచి 900 సార్లు కొట్టుకునే గుండె అప్పుడు సుమారు 50కి పడిపోతుంది. చలికాలం చివర, వసంతంలో ఎడారి పూసినప్పుడు పిల్లల్ని చేసుకుంటుంది. ఎండలు ముదిరాక చాలా పక్షులు తీరప్రాంతపు పొదలకు వెళ్లిపోతాయి.

మన ఊదా తేనెపిట్ట (సినిరిస్ ఏసియాటికస్) కూడా ఎండకు భయపడేది కాదు. దివిసీమ పెరళ్లలోనే కాదు, రాజస్థాన్ పొడి నేలల్లోనూ కనిపిస్తుంది. గుర్తుపట్టడంలో చిక్కంతా దీని దగ్గరే ఉంది. గూడు కట్టే కాలంలో మగపక్షి దూరానికి నల్లగా, ఎండ పడితే నీలం, ఊదా మెరుపుతో ఉంటుంది. ఆ కాలం అయ్యాక ఈకలు మార్చుకుని ఆడపక్షిలా పసుపుపచ్చగా తయారవుతుంది. గొంతు నుంచి పొట్ట వరకు ఒక నల్ల చార మాత్రం మిగులుతుంది. ఆ చార చూడకపోతే మగదాన్ని ఆడదిగానో, వేరే జాతిగానో రాసేస్తారు. విద్యార్థుల పరిశీలన పుస్తకాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే అయ్యుండాలి.

మన దగ్గర ఉండే మరో తేనెపిట్ట లెప్టోకోమా జైలోనికా. మగదానికి వీపు ముదురు ఎరుపు, పొట్ట పసుపు, నెత్తి మీద ఆకుపచ్చ మెరుపు. ఇది రంగు మార్చదు. ఆడదానికి గొంతు బూడిద కలిసిన తెలుపు, రొమ్ము పసుపు.

ఎగిరే తీరు కూడా చూడండి. హమ్మింగ్ బర్డ్ గాలిలో నిలిచి తాగుతుంది, వెనక్కి కూడా ఎగరగలదు. తేనెపిట్ట కాసేపు గాలిలో ఆగగలిగినా, ఎక్కువగా కొమ్మ పట్టుకునే తాగుతుంది. మందారం లాంటి పెద్ద పువ్వైతే మొదట్లో ముక్కుతో పొడిచి తేనె లాగేస్తుంది. పుప్పొడి అంటకుండా చేసే దొంగతనం అన్నమాట. మామిడి చెట్టు మీది బదనిక పూలకు మాత్రం పరాగసంపర్కంలో సాయపడుతుంది.

సాయంత్రం పూల ముందు రెక్కలు కనిపించనంత వేగంగా ఆడిస్తూ గాలిలో నిలిచేది కనిపిస్తే, అది పక్షే కాకపోవచ్చు. తలమీద స్పర్శశృంగాలు, చుట్ట చుట్టుకునే తొండం ఉంటే అది హాక్ మాత్ అనే చిమ్మట.

గూడు తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఇంకా పెద్దది. ఆడపక్షి గడ్డి, నార, ఎండుటాకులను సాలెగూటి దారాలతో కలిపి సంచిలా వేలాడదీస్తుంది. వాకిలి పందిరికి, వసారాలోని తీగకు కూడా కడుతుంది. బయటికి అచ్చం బూజు పట్టిన చెత్తలా ఉండటంతో పండుగ ముందు బూజు దులిపేటప్పుడు గుడ్లతో సహా ఊడ్చేస్తాం. సాధారణంగా రెండు గుడ్లు ఉంటాయి. పొదగడానికి రెండు వారాలకు పైగా పడుతుంది. పిల్లలకు ముఖ్యంగా పురుగులు, సాలీళ్లు పెడతాయి కాబట్టి, గూడున్న మొక్కల మీద పురుగుమందు కొట్టినా ముప్పే.

అభ్యాసం: వారం రోజులు ఒకే పూలమొక్కను ఉదయం పదిహేను నిమిషాల చొప్పున గమనించండి. వచ్చిన పిట్ట గొంతు రంగు, నల్ల చార ఉందో లేదో, కూర్చుని తాగిందో నిలిచి తాగిందో, పువ్వు ముందు నుంచో మొదట్లో పొడిచో రాసుకోండి. పేరు చివర్న రాయండి.