కప్పు నిండిన ఇటుకలు – కొలతలో న్యాయము

సంతలో వేరుశనగకాయలు అమ్మే అవ్వ దగ్గర కాసేపు కూర్చుని చూడండి. సోల నింపుతుంది, పైన గుప్పెడు కొసరు వేస్తుంది. కొసరు పడనిదే మన తల్లులు లేవరు. సోలను కాస్త కుదిపితే ఇంకో పిడికెడు పడుతుందని కొనేవారికి తెలుసు, అవ్వకూ తెలుసు.

ఇలాంటి బేరమే విదేశాలలోని లెగో బొమ్మల దుకాణాలలో జరుగుతున్నది. అక్కడ సోలకు బదులు కప్పు, కాయలకు బదులు పిల్లలు ఆడుకునే ఇటుకలు. ఆ ఇటుకలను కప్పుల లెక్కన కొని, ముక్కల లెక్కన అమ్మి నాలుగు డబ్బులు చేసుకునేవారు ఉన్నారు. అది న్యాయమైన సంపాదనేనా? చిన్న విషయమే అనిపించవచ్చు. కానీ కిరాణా కొట్టుతోనో, చీరల మూటతోనో, కూరగాయల బుట్టతోనో ఇల్లు నడుపుకునే మన కుటుంబాలన్నిటికీ ఈ ప్రశ్న తగులుతుంది.

వడ్రంగి కొట్టులో పుట్టిన బొమ్మ

డెన్మార్క్ దేశములో బిల్లుండ్ అనే చిన్న పల్లెలో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే భక్తిగల వడ్రంగి ఉండేవాడు. లోకమంతటా ఆర్థిక మాంద్యము వ్యాపించిన రోజులవి. ఇండ్లు కట్టించుకునేవారు కరువై, 1932లో ఆయన చెక్కబొమ్మలు చేయడము మొదలుపెట్టాడు. అదే సంవత్సరము భార్య మరణించింది. నలుగురు కుమారులను పెంచవలసిన భారము ఆయన మీద పడింది. 1934లో తన పనికి లెగో అని పేరు పెట్టాడు. ‘బాగుగా ఆడుకో’ అని అర్థమిచ్చే రెండు డేనిష్ మాటల నుండి ఆ పేరు వచ్చింది.

ఒకనాడు ఆయన కుమారుడు గాడ్‌ఫ్రెడ్ చెక్కబాతులకు మూడు పూతలు వేయడానికి బదులు రెండే పూతలు వేసి, రైలు స్టేషనుకు పంపించి, డబ్బు మిగిల్చానని తండ్రికి సంతోషముగా చెప్పాడు. తండ్రి మెచ్చుకోలేదు. వెంటనే ఆ పెట్టెలను వెనక్కు తెచ్చి, మూడవ పూత వేసి మరల పంపమన్నాడు. ఆ కుమారుడు ఒంటరిగా ఆ పని పూర్తి చేశాడు. కొన్నవాడు ఆ లోటును ఎన్నటికీ కనిపెట్టలేకపోవచ్చు. అయినా తండ్రి ఒప్పుకోలేదు.

1949లో ఆ సంస్థ ప్లాస్టిక్ ఇటుకలు చేయనారంభించింది. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉండి ఒకదానినొకటి గట్టిగా పట్టుకునే నేటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు వేశారు. ఎనిమిది బుడిపెల ఇటుక పొడవు సుమారు 32 మిల్లీమీటర్లు, వెడల్పు 16. ఒకే రంగులో అలాంటి ఇటుకలు ఆరు ఉంటే వాటిని 91,51,03,765 విధాలుగా కలుపవచ్చునని గణిత శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు!

కప్పులో ఉన్న లెక్క

ఆ దుకాణాలలో ఒక గోడకు గుండ్రని అరలు ఉంటాయి. ఒక్కొక్క అరలో ఒక్కొక్క రకము ఇటుకలు విడిగా పోసి ఉంచుతారు. కప్పుకు ఒకటే వెల. మూత పడేంతవరకు ఎన్ని పట్టించుకుంటే అన్ని మనవే.

లెక్క తేలికగా ఉండడానికి కప్పు వెల 1,000 రూపాయలనుకుందాము. పసివాడు చేతికందినవి గబగబా పోసుకుంటే 200 ముక్కలు పట్టాయనుకోండి, ముక్క 5 రూపాయలు పడింది. ఓపిక గలవాడు ఇటుకలను ఒకదానిలో ఒకటి బిగించి, వరుసగా పేర్చి, సందులలో చిన్న ముక్కలు జారవిడిచి 400 పట్టిస్తే, ముక్క రెండున్నర రూపాయలకే వచ్చింది. వీరిలో ఎవరూ దొంగతనము చేయలేదు. మూత పడడమే అక్కడి కొలత.

ఇక అమ్మకము. పెట్టెలో వచ్చే బొమ్మలో ఒక్కొక్క రకము ముక్కలు కొన్నే ఉంటాయి. పెద్ద కోటో, రైలు స్టేషనో కట్టేవారికి ఒకే రకము ముక్కలు వందలకొలది కావాలి. అటువంటివారి కొరకు డాన్ జెజెక్ అనే యువకుడు 2000లో ఇంటర్నెట్టులో ఒక సంత తెరిచాడు. తరువాత దానికి బ్రిక్‌లింక్ అని పేరు వచ్చింది. అక్కడ ముక్కకు నంబరు, రంగు, వెల చూపించి అమ్ముకోవచ్చు. 2019లో లెగో సంస్థే ఆ సంతను కొన్నది. అంటే, విడి ముక్కలు తిరిగి అమ్మడము ఆ సంస్థకు తెలియని చాటుమాటు పని కాదు.

అయితే ముక్క రెండున్నరకు కొని ఆరు రూపాయలకు అమ్మితే మిగిలినదంతా లాభము కాదు. ఏరి, రంగులవారీగా వేరు చేయాలి. సంతకు రుసుము కట్టాలి. పెట్టె, తపాలా ఖర్చు భరించాలి. అమ్ముడుపోని రంగులు మూలన పడి ఉంటాయి. ఈ కష్టానికి వచ్చే కూలియే ఆ లాభములో ఎక్కువ భాగము. రైతు బజారు నుండి కూరగాయలు తెచ్చి గడప గడపకు అమ్మే తల్లి కూడా అట్టి కూలినే తీసుకుంటుంది. దానిని తప్పు పట్టలేము.

చట్టము, దానికి మించినది

అమెరికాలో ఒక ప్రచురణకర్త తన నవల మీద ‘ఒక డాలరు కంటే తక్కువకు అమ్మరాదు’ అని అచ్చు వేశాడు. ఒక దుకాణము 89 సెంట్లకే అమ్మింది. ఒకసారి అమ్మిన ప్రతి మీద మరల వెల నిర్ణయించే హక్కును కాపీరైటు ఇవ్వదని 1908లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కొన్నవాడు తన వస్తువును తిరిగి అమ్ముకోవచ్చుననే నియమానికి ఆ తీర్పు పునాది అయ్యింది.

కానీ చట్టము ఆగిన చోట మనస్సాక్షి ఆగదు. తిరిగి అమ్మేవాడు నాలుగు హద్దులు పాటించవలెను.

మొదటిది, ఒక్కొక్కరికి ఇన్నే అని దుకాణదారుడు పరిమితి పెడితే దానికి లోబడాలి. ఇంటిల్లిపాదిని వరుసలో నిలబెట్టి దానిని దాటడము తెలివి కాదు, మోసము.

రెండవది, మూత పడాలి. మూత పడని కప్పును పడినట్టు చూపించడము తప్పుడు కొలతయే. త్రాసు విషయములోను, తూనికరాళ్ళ విషయములోను లేఖనాలు ఎంత ఖండితముగా మాట్లాడతాయో మనము ఎరుగుదుము.

మూడవది, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రతి బుడిపె మీద లెగో పేరు ఉంటుంది. వేరే కంపెనీ ముక్కలను వాటిలో కలిపి, పాతవాటిని కొత్తవని అమ్మేవాడు రెండు పూతల బాతును అమ్మినట్టే. చిన్న ముక్కలు మూడేండ్ల లోపు పిల్లల గొంతుకు అడ్డుపడే ప్రమాదముందని కూడా కొనేవారికి చెప్పాలి.

నాలుగవది, వెనుక నిలబడినవారిని చూడాలి. దాచుకున్న డబ్బులతో వచ్చిన పిల్లవాడికి ఖాళీ అర మిగిలితే, ఆ లాభము చట్టప్రకారము మనదే కావచ్చు. కానీ అది ఆ పిల్లవాడి ఆట నుండి తీసినది. ఆ అర అడుగున కొన్ని విడిచిపెట్టడానికి ఏ చట్టమూ అక్కరలేదు.

మన యింటి పిల్లలు ఈనాడు మన చేతిని చూసి కొలత నేర్చుకుంటారు. పాలలో నీళ్ళు కలిపే చేతిని చూస్తారు, సోల మీద కొసరు వేసే చేతిని కూడా చూస్తారు. ఆ డేనిష్ కుర్రవాడు ఆ రాత్రి మూడవ పూత వేశాడు. పెద్దవాడయ్యాక తండ్రి తరువాత ఆ సంస్థను నడిపినది అతడే. మన పిల్లలకు ఆస్తి ఇవ్వలేకపోయినా, మూడవ పూత వేసే అలవాటు ఇవ్వగలము.