అయ్యగారికి బద్లీ ఎవరు?

మిల్లులో పనిచేసినోళ్ళకు బద్లీ అంటే ఏందో చెప్పనక్కరలేదు. మనకు జ్వరమొస్తే గేటు కాడ కాచుకున్న బద్లీ మనిషి వచ్చి మన సాంచె నడిపేవాడు. 1948 ఫ్యాక్టరీల చట్టంలో వారానికి ఒక సెలవు, 48 గంటల పని ఉండేవి. జబ్బు చేస్తే ఈఎస్ఐ, ముసలితనానికి పీఎఫ్. ముప్పై ఏండ్లు సాంచెల మీద బతికిన నేను ఇవాళ చంద్రపూర్‌లో కొడుకు దగ్గర నిమ్మళంగా రెండు ముద్దలు తింటున్నానంటే అందులో వాటి చలవ కూడా ఉంది.

మరి మన బస్తీ పాస్టరుగారికి ఏముంది? ఈ మాట నాకు పోయిన ఎండాకాలం దాకా తట్టలేదు.

ఇక్కడి ఎండ మీకు తెలుసు. మే నెలలో 46, 47 డిగ్రీలు. ఒక ఆదివారం మా అయ్యగారు వాక్యం చెబుతూ చెబుతూ కిందికి జారిపోయారు. ఎండదెబ్బ అనుకున్నాం. దవాఖానలో చూస్తే షుగరు 400 దాటింది. మూడు నెలల నుంచి మందులు కొనడం లేదట.

అమ్మగారు బయట బెంచీ మీద కూచుని నాతో అన్నారు: "అన్నా, ఆయన కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. రాత్రిళ్ళు ఎవరో ఒకరు ఫోను చేస్తారు. పోకపోతే ప్రేమ లేదంటారు. ఇంట్లో బియ్యం లేవంటే విశ్వాసం లేదంటారు."

నా తల వంగిపోయింది. ఆ ముందు వారమే మా ఇంట్లో అత్తాకోడళ్ళ గొడవకు రాత్రి పదకొండింటికి ఆయన్ని పిలిచింది నేనే. సైకిలు మీద వచ్చి, రెండు గంటలు కూచుని, మంచినీళ్ళు తాగి పోయారు. తిన్నారా అని ఒక్కళ్ళం అడగలేదు.

పెద్ద సంఘాల్లో గురువులకు జీతం లెక్క ఉంటుంది. మన తెలుగు బస్తీల చిన్న సంఘాలకు ఆదివారం కానుకే ఆధారం. కాంట్రాక్టు పని ఆగిందంటే ముందు కానుక సంచి పలచబడుతుంది. కష్టాలు చెప్పుకునేవాళ్ళు మాత్రం ఆ నెలలోనే ఎక్కువ.

మోషే ఒక్కడే పొద్దుగూకేదాకా జనం తగవులు తీరుస్తుంటే, మామ యిత్రో చూసి పనిని పదిమందికి పంచమన్నాడు. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దేవదూత ముందు రొట్టె, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఇవి మనం విన్నవే, చేసినవి కావు.

సంఘం కూర్చున్నాం. "దేవుని సేవకుడికి సెలవేంది?" అన్నాడొక పెద్ద. "ఏడో దినాన దేవుడే విశ్రమించాడు గదా నాయనా" అన్నది వెనక నుంచి ఒక ముసలవ్వ. ఇంక ఎవరూ మాట్లాడలేదు.

సోమవారం అయ్యగారికి సెలవు. ఆ రోజు ఆయన ఫోను ఇద్దరు పెద్దలు ఎత్తాలి. వాళ్ళే బద్లీలు. రాత్రి తొమ్మిది దాటితే చావు, దవాఖాన సంగతైతేనే పిలవాలి. మందుల కోసం ఇంటికి నెలకు 50 రూపాయలు వేరే డబ్బాలో వేస్తున్నాం. అది కానుకలో కలవదు, నేరుగా అమ్మగారి చేతికే. అటల్ పెన్షన్‌లో 18 నుంచి 40 ఏండ్ల లోపు వాళ్ళే చేరాలి. అయ్యగారి వయసు దాటిపోయింది. అందుకే సండే స్కూలు చెప్పే పిల్లను ఇప్పుడే చేర్పించాం. కట్టినదాన్ని బట్టి 60 నిండాక నెలకు 1000 నుంచి 5000 వస్తుంది.

ఇంకొకటి, మనసు సంగతి. అందరి దుఃఖం వినే మనిషి తన దుఃఖం ఎవరికి చెప్పుకోవాలి? మనకే చెబితే మర్నాటికి బస్తీ అంతా పాకుతుంది. సర్కారువాళ్ళ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరు రాసి అయ్యగారి చేతిలో పెట్టిన. అది సిగ్గుపడే పని కాదు. షుగరుకు గోళీ వేసుకున్నట్టే ఇదీ.

మొన్న సోమవారం అటు పోతుంటే అయ్యగారు వాకిట్లో పిల్లగాని సైకిలు చైను బిగిస్తున్నారు. మోకాలి నొప్పికి ప్రార్థన చేయించుకుందామని నోటిదాకా వచ్చింది. ఏ వారమో గుర్తొచ్చి ఆగిపోయిన.

"తిన్నారా అయ్యగారూ?" అని మాత్రం అడిగి వచ్చేసిన.