జిల్లా ఖనిజ నిధియు, మన మగ్గముల యిండ్లును

చంద్రపూరు జిల్లాలోని మన నేత కుటుంబములకు కరెంటు బిల్లు క్రొత్త కాదు, బొగ్గు పొగయు క్రొత్త కాదు. దుర్గాపూరు దగ్గరనున్న థర్మల్ విద్యుత్ కేంద్రము నేడు 2,920 మెగావాట్ల సామర్థ్యము గలది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు దేశములోని పారిశ్రామిక ప్రాంతములకు కాలుష్యమును బట్టి అంకెలు వేసినపుడు చంద్రపూరు 83.88 అంకెతో నాలుగవ స్థానమున నిలిచినది. ఇక్కడ పుట్టిన విద్యుత్తు దూరపు నగరములకు పోవును. బూడిద మాత్రము మనము ఆరవేసిన పడుగు మీద పడును.

ఈ కష్టమునకు బదులుగా చట్టము ఒక నిధిని ఏర్పరచినది. ఆ నిధి ఎక్కడినుండి వచ్చునో, ఎవరు పంచుదురో, అందులో మన సంఘములు ఏమి అడుగవచ్చునో సభ్యులు పలుమార్లు మమ్ము ప్రశ్నించుచున్నారు. మాకు తెలిసినంతవరకు ఇచట వివరించుచున్నాము.

నిధి ఎట్లు పుట్టినది

2015లో పార్లమెంటు గనుల చట్టమును సవరించి, గనులున్న ప్రతి జిల్లాలోను ఒక జిల్లా ఖనిజ ప్రతిష్ఠానము ఉండవలెనని శాసించినది. గని నడుపువారు ప్రభుత్వమునకు చెల్లించు రాయల్టీగాక, దానికి అదనముగా కొంత సొమ్ము ఈ ప్రతిష్ఠానమునకు కట్టవలెను. 2015 జనవరి 12కు పూర్వము ఇచ్చిన లీజులకు ఇది రాయల్టీలో నూటికి 30 వంతులు. ఆ తరువాత వేలములో పొందిన గనులకు నూటికి 10 వంతులు.

లెక్క వేసి చూతము. బొగ్గుపై రాయల్టీ వెలలో నూటికి 14 వంతులు. 100 రూపాయల బొగ్గు తీసినచో రాయల్టీ 14 రూపాయలు. పాత గని యైనచో నిధికి 4 రూపాయల 20 పైసలు చేరవలెను. ఇది మన పన్నులలోనుండి తీయు సొమ్ము కాదు, ఎవరో దయతలచి యిచ్చు దానమును కాదు. నేల త్రవ్వినందువలన బాధపడు ప్రజలకై ప్రత్యేకించిన సొమ్ము.

ఏ పనులకు వాడవలెను

2015 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన ఈ నిధి వ్యయమునకు కట్టుబాట్లు విధించినది. త్రాగునీరు, వైద్యము, విద్య, కాలుష్య నివారణ, పారిశుధ్యము, స్త్రీలు, శిశువులు, వృద్ధులు, వికలాంగుల సంక్షేమము, పని నేర్పించుట మొదలగునవి ముఖ్యమైన పనులు. మొదట వీటికి కనీసము నూటికి 60 వంతులు వెచ్చించవలెననిరి. 2024లో సవరించిన నిబంధనలలో దానిని 70 వంతులు చేసి, జీవనోపాధి కల్పనను కూడ ఈ వరుసలో చేర్చిరి. మిగిలిన భాగము రోడ్లు, సేద్యపు నీరు, ప్రత్యామ్నాయ శక్తి మున్నగువానికి వాడవచ్చును. గనికి 15 కిలోమీటర్లలోపు ప్రాంతము నేరుగా బాధితమైనదిగాను, 25 కిలోమీటర్లవరకు పరోక్షముగా బాధితమైనదిగాను లెక్కింపబడును.

కనుక మనకు రెండు ద్వారములు ఉన్నవి. కండెలు చుట్టు యంత్రములు, అద్దకము, క్రొత్త డిజైన్ల శిక్షణ – ఇవి జీవనోపాధి ద్వారమున పోవలెను. సంఘపు షెడ్డుపై సౌర పలకలు ప్రత్యామ్నాయ శక్తి ద్వారమున పోవలెను. రెండును ఒకే కాగితముమీద కలిపి వ్రాసినచో ఏ శాఖవారును తమదని తీసుకొనరు. లాల్‌పేట, దుర్గాపూరు, పద్మాపూరు గనులు నగరమునకు ఆనుకొనియే యున్నవి. అయినను మన వార్డు, మన గ్రామము అధికారుల జాబితాలో ఉన్నదో లేదో ముందుగా చూచుకొనవలెను.

ఎవరి చేతిలో ఏ నిర్ణయము

మన విజ్ఞప్తులలో చాలభాగము తప్పు గుమ్మమున పడుచున్నవి. అందుచేత ఈ తేడాలు గుర్తుంచుకొనుట మంచిది.

ఖనిజ ప్రతిష్ఠానమునకు, 2021లో కేంద్రము ఇచ్చిన ఉత్తరువు ప్రకారము, జిల్లా కలెక్టరు అధ్యక్షుడు. పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు అందు సభ్యులుగా ఉందురు. అది ప్రతి సంవత్సరము ఒక ప్రణాళిక తయారుచేయవలెను. లెక్కలు ప్రజలకు తెలియపరచవలెను. షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములలో గ్రామసభ ఆమోదము కూడ కావలెను.

జిల్లా ప్రణాళిక సమితి వేరు. రాజ్యాంగము ప్రకారము అందలి సభ్యులలో ఐదింట నాలుగు వంతులమంది జిల్లా పరిషత్తు, పురపాలక సభ్యులనుండి ఎన్నిక కావలెను. రాష్ట్ర బడ్జెటులో జిల్లాకు వచ్చు వార్షిక ప్రణాళిక సొమ్మును అది చూచును. మహారాష్ట్రలో పాలక మంత్రి దానికి అధ్యక్షత వహించును.

జిల్లా పరిషత్తు 1961 నాటి చట్టముతో ఏర్పడి, 1962 మే 1 నుండి పనిచేయుచున్నది. గ్రామములలో పాఠశాల, ఆరోగ్య కేంద్రము, చిన్న రోడ్లు దాని పరిధిలోనివి. నగరములో నీరు, దీపములు, మురుగు కాలువలు 2011లో ఏర్పడిన మహానగరపాలికవి. 2017లో ఎన్నికైన నగర సభకు 2022లో గడువు తీరిన పిమ్మట ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడెను. ఎన్నికైన సభ్యుడు లేని కాలములో వీధి మాట చెప్పువారుండరు; నిర్ణయములన్నియు అధికారుల బల్లమీదనే జరుగును. అట్టి కాలములో వ్రాతపూర్వకమైన అర్జీయే మన ప్రతినిధి.

ఇంటి కప్పా, సంఘపు కప్పా?

ఇప్పుడు సౌర విద్యుత్తు విషయము. 2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద ఇంటి కప్పుమీద 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు లేక అంతకు మించినచో 78,000 రూపాయలు కేంద్రము సహాయముగా ఇచ్చును. ఒక కిలోవాటుకు నీడ పడని సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావలెను. దినమునకు సగటున 4 యూనిట్లు వచ్చును. చేతిమగ్గమునకు మోటారు అక్కరలేదు. దీపము, పంఖా, కండెల యంత్రము – ఇవే మన అవసరము. పావు అశ్వశక్తి మోటారు గంటకు సుమారు పావు యూనిట్టు వాడును. అనగా ఒక కిలోవాటు చిన్న నేత యింటికి చాలును.

చెప్పుటకు సులువు. కాని మనవారిలో అద్దె యిండ్లలో నేయువారున్నారు. అన్నదమ్ముల ఉమ్మడి కప్పు క్రింద మూడు మగ్గములు ఆడించువారున్నారు. పాత పెంకుల కప్పు బరువు మోయలేదు. పైగా సహాయపు సొమ్ము పలకలు బిగించి తనిఖీ జరిగిన పిమ్మట బ్యాంకు ఖాతాలో పడును. ముందుగా సొమ్ము మనమే పెట్టవలెను, లేక అప్పు తీయవలెను. ఎవరికి బిల్లు భారమో వారికే ఈ పథకము అందకుండ పోవుచున్నది.

కావున మా అభిప్రాయము ఇది: సొంత యిల్లు, గట్టి కప్పు గలవారు సూర్యఘర్ పథకమున చేరవలెను. మిగిలినవారందరి కొరకు సంఘపు షెడ్డుమీద సౌర పలకలు ఖనిజ నిధినుండి కోరవలెను. షెడ్డులో ఆసు పోయుట, కండెలు చుట్టుట, అద్దకపు పని ఉమ్మడిగా జరిగినచో, తగ్గిన కరెంటు ఖర్చు ప్రతి సభ్యుని కూలి లెక్కలో కనబడును. ఇంటిలోనే నేయువారికి దీనివలన లాభము తక్కువే; అది మేమును ఒప్పుకొందుము. అయితే తెల్లవారుజాము మొదలు రాట్నము ముందు కూర్చుండు మన ఆడవారి నడుమునొప్పి ముందుగా తగ్గును. ఇంకొక మాట. త్రాగునీరే సరిగా లేని వాడలో మొదటి అర్జీ నీటికొరకే యుండవలెను. సౌర దీపము ఆ తరువాత.

పెట్టుట కంటె నిలుపుట కష్టము

బీహారు రాష్ట్రమున ధర్నై అను గ్రామమునకు 2014లో 100 కిలోవాట్ల సౌర విద్యుత్తు వచ్చినపుడు దేశమంతట పేరు మ్రోగినది. కొన్నేండ్లకే బ్యాటరీలు చెడినవి. మరమ్మతు చేయువారు లేక కేంద్రము మూలపడెను. పలక సుమారు 25 ఏండ్లు నిలుచును. ఇన్వర్టరు పదేండ్లకు అటు ఇటుగా మార్చవలసి వచ్చును. బ్యాటరీ అంతకంటె ముందే పోవును. మన ఊరిలో బూడిద పేరుకొనును గనుక పలకలు తరచుగా కడుగకున్నచో రాబడి తగ్గును. బ్యాటరీ లేక గ్రిడ్డుకు కలిపిన పద్ధతి కరెంటు పోయినపుడు తానును ఆగిపోవునని సభ్యులకు ముందే చెప్పవలెను; లేకున్న తరువాత నిందలు వచ్చును. అందుచే ఆదా అయిన సొమ్ములో కొంత నెలనెల మరమ్మతుల ఖాతాలో వేయుదుమని సంఘము ముందుగా తీర్మానించవలెను.

ముందుగా అడిగినవారి సంగతి

స్కాట్లండునకు ఉత్తరమున, ఉన్ని అల్లికలకు పేరుపొందిన షెట్లాండు ద్వీపములు ఉన్నవి. ఆ సముద్రములో చమురు దొరికినపుడు అచటి కౌంటీ కౌన్సిలు కంపెనీలు రాకముందే మేల్కొని, 1974లో తనకు ప్రత్యేక అధికారములిచ్చు చట్టము తెప్పించుకొన్నది. చమురు రేవువలన వచ్చిన సొమ్ముతో 1976లో ప్రజానిధి నెలకొల్పిరి. వృద్ధుల గృహములు, క్రీడాశాలలు దానినుండి నడచినవి. తరువాతి కాలములో ఆ నిధి గాలి విద్యుత్తు యత్నమునకు తొలి పెట్టుబడులలో ఒకటైనది. 2024లో 103 గాలిమరలు అక్కడ పనిచేయనారంభించినవి. ఆ గాలిమరలు వద్దన్నవారు కూడ ఆ ద్వీపవాసులలో చాలమంది కలరు. కాని ఆ వాదము వారి సొంత ఊళ్ళలో, వారి కండ్లముందు జరిగినది. మనకు చట్టము వచ్చినది, నిధి వచ్చినది. అడుగు అలవాటే ఇంకను రావలసి యున్నది.

సంఘములు చేయవలసిన పనులు

మొదట, సర్వసభ్య సమావేశములో తీర్మానము చేసి, మగ్గముల సంఖ్య, కుటుంబముల సంఖ్య ఉన్నదున్నట్లు వ్రాయవలెను. రెండవది, షెడ్డు యొక్క పన్నెండు నెలల కరెంటు బిల్లులు, స్థలపు కాగితములు జతపరచవలెను. మూడవది, గ్రామములలోనివారు జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల గ్రామసభలకు తప్పక హాజరై తమ కోరికను మినిట్సు పుస్తకములో ఎక్కించవలెను. నాలుగవది, అర్జీ మరాఠీలో వ్రాయించి, సంవత్సరపు ప్రణాళిక తయారగుటకు ముందే కలెక్టరు కార్యాలయమున ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకొనవలెను. అయిదవది, జవాబు రానిచో 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద అడుగవలెను. 30 దినములలో ప్రత్యుత్తరము ఇయ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది.

ఒక కుటుంబము వ్రాసిన అర్జీ దస్త్రములో అణగిపోవచ్చును. పది సంఘములు ఒకే మాటగా, లెక్కలతో వ్రాసినచో దానిని త్రోసివేయుట సులభము కాదు. వచ్చే నెల సమావేశమునకు ప్రతి సంఘ కార్యదర్శియు తమ తీర్మానపు నకలు, కరెంటు బిల్లులు వెంట తేవలెనని కోరుచున్నాము. అర్జీ మరాఠీలో వ్రాయుటకు కావలసిన సహాయము మా కార్యాలయమున చేయుదుము.