కొత్త కంప్యూటర్‌లో అడగని ప్రోగ్రాములు: తొలగించే విధానం

భివండీలోని పద్మానగర్ మరమగ్గాల చప్పుడు నడుమ తెలుగు మాట వినిపించే పేట. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు అక్కడ తరతరాలుగా నివసిస్తున్నాయి. పిల్లల చదువుకో, మగ్గాల జమాఖర్చులకో కూడబెట్టిన సొమ్ముతో కంప్యూటర్ కొన్న కుటుంబానికి, అది భివండీలో ఉన్నా స్వగ్రామంలో ఉన్నా, తొలినాడే ఒక చిక్కు ఎదురవుతుంది. తాము కోరని ప్రోగ్రాములు అందులో ముందుగానే తిష్ఠ వేసి ఉంటాయి.

ఎందుకు ఉంటాయి?

వీటిలో కొన్ని విండోస్‌తో పాటు వచ్చేవి. మరికొన్నింటిని, సాఫ్ట్‌వేర్ సంస్థలతో కుదిరిన ఒప్పందం మేరకు కంప్యూటర్ తయారీదారులు చేరుస్తారు. గడువు తీరగానే సొమ్ము చెల్లించమని హెచ్చరించే యాంటీవైరస్ ఈ రెండవ కోవకు చెందినదే. 4 జీబీ మెమరీ గల యంత్రంలో ఇటువంటివి నాలుగు నడిచినా పని మందగిస్తుంది.

ఈ వివాదం పాతదే. విండోస్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను జతచేసినందుకు 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌పై దావా వేసింది. మీడియా ప్లేయర్ విషయమై 2004లో ఐరోపా కమిషన్ ఆ సంస్థకు 49.7 కోట్ల యూరోల జరిమానా విధించింది.

తొలగించే క్రమం

1. ముందుగా లెక్కలు, ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. విండోస్‌లో రిస్టోర్ పాయింట్ ఏర్పరచుకోవాలి.

2. సెట్టింగ్స్‌లో యాప్స్ విభాగాన్ని తెరవాలి. విండోస్ 11లో ఇన్‌స్టాల్డ్ యాప్స్, విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్ అనే చోట జాబితా కనిపిస్తుంది.

3. అక్కరలేని పేరును ఎంచుకుని అన్‌ఇన్‌స్టాల్ నొక్కాలి. ఒక్కొక్కటిగా తొలగిస్తూ, కంప్యూటర్ సరిగా నడుస్తున్నదో లేదో చూసుకోవాలి.

ముట్టుకోరానివి

ఇంటెల్, ఏఎండీ, రియల్‌టెక్ పేర్లు గలవి, డ్రైవర్లు, విజువల్ సీ ప్లస్ ప్లస్, డాట్‌నెట్, మైక్రోసాఫ్ట్ స్టోర్ జోలికి పోరాదు. వాటిని తీసివేస్తే శబ్దం, వైఫై లేదా ఇతర ప్రోగ్రాములు ఆగిపోవచ్చు. కొన్ని ల్యాప్‌టాప్‌ల ధరలోనే శాశ్వత ఆఫీస్ లైసెన్స్ కలిసి ఉంటుంది. కనుక ఆఫీస్‌ను తొలగించే ముందు బిల్లును, పెట్టెపై వివరాలను పరిశీలించాలి.

గడువు తీరిన యాంటీవైరస్‌ను తొలగిస్తే కంప్యూటర్‌కు రక్షణ ఉండదన్న భయం అక్కరలేదు. దాన్ని తీసివేసి యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే, విండోస్‌లోని డిఫెండర్ సాధారణంగా తనంతట తానే పని మొదలుపెడుతుంది. విండోస్ సెక్యూరిటీ తెరిచి ఆ సంగతి నిర్ధారించుకోవాలి. "ఒక్క నొక్కుతో శుభ్రం" అంటూ ప్రచారమయ్యే ప్రోగ్రాములను నమ్మరాదు. చెత్త తీస్తామంటూ మరింత చెత్తను తెచ్చేవి వాటిలో ఉన్నాయి.

ఒక్క విషయం మరువరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రంలో ప్రోగ్రాములు తగ్గిస్తే వేగం పెరగవచ్చు గాని, భద్రతా నవీకరణల లోటు మాత్రం తీరదు.